సిడ్నీ నుంచి ఉలురు దాకా మోటార్‌హోమ్‌లో: అమ్మానాన్నలతో వెళ్లేవారికి కొన్ని సూచనలు

మీరు అడిగిన విషయం ఇది. జూలై సెలవుల్లో గుంటూరు నుంచి వచ్చే మీ అమ్మానాన్నలను, భార్యను, తొమ్మిదేళ్ల బాబును వెంటబెట్టుకొని, ఆరుగురు పడుకోగల మోటార్‌హోమ్ (లోపలే మంచాలు, వంటిల్లు, టాయిలెట్ ఉన్న బండి) అద్దెకు తీసుకొని, సిడ్నీ నుంచి ఔట్‌బ్యాక్ ఊళ్ల (జనం పలచగా ఉండే లోతట్టు ఎండు ప్రాంతాల ఊళ్ల) మీదుగా, ఆస్ట్రేలియా నడిమధ్యనున్న ఎర్రరాతి కొండ ఉలురు వరకు వెళ్లి, అదే బండిలో 14 రోజుల్లో తిరిగి రావాలనుకుంటున్నారు. ఇది సాధ్యమేనా, మట్టిరోడ్లు తగులుతాయా, శాకాహారులకు భోజనం ఎలా, పెద్దవాళ్లకు ఇబ్బంది అవుతుందా అన్నవి మీ సందేహాలు. నేను చాలా ఏళ్లుగా అడిలైడ్‌లో ఉంటున్నాను. ఈ దారుల్లో మోటార్‌హోమ్ నడిపిన అనుభవంతో చెబుతున్నాను.

రానూపోనూ ప్రయాణం సాధ్యమే గానీ, అది మానుకోమని నా సలహా. సిడ్నీ నుంచి ఉలురుకు రోడ్డు మార్గం సుమారు 2,800 కిలోమీటర్లు. రానూపోనూ 5,600 కిలోమీటర్లు దాటుతుంది. 14 రోజుల్లో అంత దూరమంటే సగటున రోజుకు 400 కిలోమీటర్లు. ఎక్కడైనా ఒక రోజు ఆగితే మరో రోజు 600 కిలోమీటర్లు నడపాల్సి వస్తుంది. కారుకు అది పెద్ద దూరం కాకపోవచ్చు. నాలుగున్నర టన్నులకు దగ్గరగా ఉండే ఎత్తయిన బండిని, జూలైలో, అంటే ఇక్కడి చలికాలంలో, పగటి వెలుతురులోనే నడపాలంటే అది మితిమీరిన దూరం. ఆ పద్ధతిలో వెళ్తే మీ అమ్మగారికి, నాన్నగారికి గుర్తుండేది కిటికీలోంచి కనిపించిన ఎర్రమట్టి, పెట్రోలు బంకులు మాత్రమే. కాబట్టి బండిని ఉలురు తర్వాత వచ్చే ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో అప్పగించి, అక్కడి నుంచి విమానంలో సిడ్నీకి తిరిగి రండి. ఒక ఊళ్లో తీసుకొని మరో ఊళ్లో అప్పగించినందుకు అద్దె కంపెనీ అదనంగా కొంత రుసుము తీసుకుంటుంది, ఐదు విమాన టికెట్ల ఖర్చూ ఉంటుంది. తిరుగు ప్రయాణపు డీజిలు, అద్దె, క్యారవాన్ పార్కుల (ఇలాంటి బండ్లు రాత్రి ఆగే చోట్ల) ఖర్చు కలిపి చూస్తే తేడా మీరు భయపడినంత ఉండదు.

బండి ఎంపికలో వెబ్‌సైటులోని ఫొటోలకన్నా లోపలి అమరిక ప్లాన్ చూడండి. ఆరుగురు పడుకోగల బండిలో సాధారణంగా ఒక మంచం డ్రైవర్ క్యాబిన్ పైన ఉంటుంది, దానికి చిన్న నిచ్చెన ఎక్కాలి. రైల్లో అప్పర్ బెర్తు ఎక్కలేనివారికి అది పనికిరాదు, దాన్ని మీకూ బాబుకూ ఉంచుకోండి. వెనక భాగంలో సోఫాలా ఉండే చోటును రాత్రికి మంచంగా మార్చుతారు. దాన్ని పెద్దవాళ్లకు కేటాయించి, ప్రయాణం పొడుగునా మంచంగానే వదిలేస్తే రోజూ పరుపులు సర్దే పని తప్పుతుంది. అర్ధరాత్రి టాయిలెట్‌కు లేచేటప్పుడు కూడా వాళ్లకు అదే సౌకర్యం. కదిలే బండిలో అందరూ సీటు బెల్టు ఉన్న సీట్లలోనే కూర్చోవాలి. వెనక పడుకోవడం, టీ పెట్టడం చట్టరీత్యా కుదరదు. బెల్టులున్న సీట్లు ఎన్ని, అవి ఎటువైపు తిరిగి ఉన్నాయి, మీ నాన్నగారి మోకాళ్లకు అక్కడ చోటు సరిపోతుందా అన్నవి వీలైతే అద్దె కంపెనీ డిపోకు వెళ్లి స్వయంగా చూడండి. మొత్తం బరువు పరిమితి 4.5 టన్నులు దాటని బండిని మామూలు కారు లైసెన్సుతోనే నడపవచ్చు. మీ నాన్నగారు నడుపుతానని ఉత్సాహపడతారేమో. పర్యాటక వీసాపై వచ్చినవారు ఇంగ్లీషులో ఉన్న భారతీయ లైసెన్సుతో ఇక్కడ బండి నడపవచ్చు గానీ, అద్దె ఒప్పందం వేరు, ఏడు మీటర్ల బండి వేరు. రెండో డ్రైవరుగా మీ భార్య పేరు రాయించండి.

మట్టిరోడ్ల సంగతి. నేను కింద చెప్పే దారి మొత్తం తారు రోడ్డే. అడిలైడ్ వైపు నుంచి డార్విన్ దాకా వెళ్లే స్టువర్ట్ హైవే 1987లోనే పూర్తిగా తారు రోడ్డయింది. ఊడ్నదట్టా ట్రాక్ వంటి మట్టి దారుల మీదికి ఈ రకం మోటార్‌హోములను అద్దె కంపెనీలు అనుమతించవు. వెళ్తే బీమా మొత్తం రద్దవుతుంది. బీమా పత్రంలో మరో మూడు విషయాలు వెతికి చదవండి: బండి పైకప్పుకు తగిలే దెబ్బలు, అడుగు భాగానికి తగిలే దెబ్బలు, ఊరి బయట చీకటిపడ్డాక జరిగే ప్రమాదాలు. అన్ని ప్రమాదాలకూ పూర్తి రక్షణ అని రాసి ఉన్న ప్యాకేజీల్లో కూడా ఈ మూడింటిని చాలాసార్లు మినహాయిస్తారు. బండి ఎత్తు మూడు మీటర్లకు పైగా ఉంటుంది. ఆ అంకెను అద్దం పక్కన కాగితం మీద రాసి అంటించుకొని, పెట్రోలు బంకు కప్పు కిందికో, దుకాణాల పార్కింగులోకో వెళ్లేముందు ప్రతిసారీ చూసుకోండి. చెట్ల కొమ్మలు తగిలినా అది పైకప్పుకు తగిలిన దెబ్బగానే లెక్క.

దారి ఇలా ఉంటే బాగుంటుంది. మొదటిరోజు బండి చేతికొచ్చి, ఎలా వాడాలో అంతా చూపించి, సామాన్లు సర్దేసరికి మధ్యాహ్నమవుతుంది. కనుక బ్లూ మౌంటెన్స్ దాటి బాథర్స్ట్‌లో ఆగండి, అది 200 కిలోమీటర్లు. రెండోరోజు డబ్బో మీదుగా నింగన్. మూడోరోజు కోబార్‌లో మధ్యాహ్న భోజనం చేసి విల్కానియా చేరుకోండి. నాలుగోరోజు తక్కువ దూరమే, బ్రోకెన్ హిల్ చేరి అక్కడ రెండు రాత్రులు. తర్వాత పీటర్‌బరోలో ఒక రాత్రి, పోర్ట్ అగస్టాలో ఒకటి, వూమెరా లేదా గ్లెండాంబోలో ఒకటి, కూబర్ పీడీలో రెండు, కల్గెరాలో ఒకటి, ఉలురు పక్కనున్న యులారాలో రెండు, చివరిది ఆలిస్ స్ప్రింగ్స్‌లో. మొత్తం 14 రాత్రులు, పక్కదారులతో కలిపి సుమారు 3,500 కిలోమీటర్లు. మీకు ఇంకో రోజు దొరికితే దాన్ని ఉలురుకు కాకుండా బ్రోకెన్ హిల్‌కు కలపండి.

ఈ మాట చాలామందికి వింతగా తోస్తుంది గానీ, నా దృష్టిలో ఈ ప్రయాణం గొప్పతనం చివరనున్న ఎర్రకొండ కన్నా మధ్యలోని ఊళ్లలో ఎక్కువగా ఉంది. ఉలురును విమానంలో వెళ్లి కూడా చూడవచ్చు. విల్కానియాను ఎవరూ విమానంలో వెళ్లి చూడరు. పంతొమ్మిదో శతాబ్దంలో డార్లింగ్ నది మీద ఆవిరి పడవల్లో ఉన్ని మూటలు తరలిన రోజుల్లో అది న్యూ సౌత్ వేల్స్ లోతట్టు ప్రాంతంలోని పెద్ద నదీ రేవుల్లో ఒకటి. ఆనాటి ఇసుకరాతి భవనాలు, పడవలు వెళ్లేందుకు మధ్యభాగం పైకి లేచేలా 1896లో కట్టిన వంతెన ఇప్పటికీ ఉన్నాయి. ఊళ్లో ఎక్కువమంది బార్కిండ్జీ ప్రజలు, ఆ నదిని వాళ్లు బాకా అంటారు. ఆ ఊరి గురించి బయటివాళ్లు భయపెట్టే మాటలు చెబుతుంటారు. పగటిపూట వీధుల్లో నడిచి, నది ఒడ్డున కూర్చొని, మర్యాదగా పలకరిస్తే ఆ భయాలకు ఆధారం కనిపించదు. అనుమతి అడగకుండా మనుషుల ఫొటోలు మాత్రం తీయకండి.

దానికి ముందొచ్చే నింగన్ బోగన్ నది ఒడ్డున ఉంది. 1990 ఏప్రిల్‌లో ఆ నది గట్టు దాటి ఊరంతటినీ ముంచేసినప్పుడు జనాన్ని హెలికాప్టర్లలో తరలించారు. ఎండిన మైదానాల మధ్య నిలబడి ఆ విషయం వింటే నమ్మబుద్ధి కాదు. కోబార్ రాగి గనుల ఊరు. ఒక పూట చాలు.

బ్రోకెన్ హిల్‌కు రెండు రాత్రులు తప్పనిసరి. 1883లో చార్లెస్ రాస్ప్ అనే పశువుల క్షేత్రం ఉద్యోగి అక్కడి కొండ శిఖరం మీద రాళ్లను గమనించి హక్కు నమోదు చేయించాడు. తర్వాత తేలింది ఏమిటంటే అది వెండి, సీసం, జింకు కలిసిన మహా నిక్షేపం. 1885లో పుట్టిన బీహెచ్‌పీ అనే గనుల కంపెనీ పేరులోని మొదటి రెండు అక్షరాలు ఆ ఊరివే. వీధుల పేర్లు చూస్తే మీ బాబు రసాయనశాస్త్రం నేర్చుకోవచ్చు: ఆర్జెంట్, క్లోరైడ్, ఆక్సైడ్, సల్ఫైడ్, బ్రోమైడ్, అయొడైడ్. గని వ్యర్థాల గుట్ట మీద, గనుల్లో చనిపోయిన కార్మికుల పేర్లు చెక్కిన స్మారకం ఉంది. పేర్లతో పాటు మరణకారణం కూడా రాసి ఉంటుంది, పెద్దవాళ్లు అక్కడ చాలాసేపు నిలబడిపోతారు. ఊరి బయట గుట్ట మీద 1993లో వివిధ దేశాల శిల్పులు చెక్కిన ఇసుకరాతి శిల్పాలను సూర్యాస్తమయానికి చూడాలి. చీకట్లో మోటార్‌హోమ్ నడపాల్సిన పని లేకుండా, దాన్ని క్యారవాన్ పార్కులో వదిలి టాక్సీలోనో, స్థానిక టూరులోనో వెళ్తే నిశ్చింతగా చూడవచ్చు. రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ కేంద్రంలో సందర్శకులకు ప్రదర్శనశాల ఉంది. జాన్ ఫ్లిన్ అనే క్రైస్తవ మతబోధకుడి చొరవతో 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీ నుంచి మొదలైన ఆ సేవ, ఆసుపత్రికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి దగ్గరికి విమానంలో డాక్టరును ఎలా చేరుస్తుందో అక్కడ చక్కగా వివరిస్తారు.

ఆ ఊళ్లోనే, ఉత్తర భాగంలో, ముడతల ఇనుపరేకులతో కట్టిన పాత మసీదు ఒకటుంది. 1880ల చివరలో ఒంటెల కాపరులు కట్టుకున్నది. వాళ్లను ఇక్కడ అందరూ ‘అఫ్గాన్లు’ అన్నారు గానీ, వారిలో చాలామంది బలూచిస్తాన్, పంజాబ్, రాజస్థాన్ వంటి అప్పటి బ్రిటిష్ ఇండియా ప్రాంతాల నుంచి వచ్చినవారు. రైళ్లు, లారీలు రాకముందు ఈ ఎడారిలోకి ఆహారం, తంతి స్తంభాలు, ఉన్ని, అన్నీ వాళ్ల ఒంటెల మీదే కదిలాయి. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ‘ఘాన్’ రైలుకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఇక్కడి భారతీయుల చరిత్ర అంటే సాఫ్ట్‌వేరు ఉద్యోగాలతో మొదలైందని అనుకునే మన పిల్లలకు ఆ మసీదు తప్పక చూపించాలి. తెరిచే వేళలు పరిమితం కాబట్టి ముందుగా సందర్శకుల కేంద్రంలో అడగండి. మరో చిన్న సంగతి: బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్‌లోనే ఉన్నా గడియారం మాత్రం సౌత్ ఆస్ట్రేలియాది, సిడ్నీ కంటే అరగంట వెనక. అక్కడి నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ దాకా అదే సమయం.

బ్రోకెన్ హిల్ దాటాక మన వంటింటికి ఒక పరీక్ష ఎదురవుతుంది. పండ్ల ఈగ రాకుండా సౌత్ ఆస్ట్రేలియా చాలా కఠినంగా ఉంటుంది. బ్యారియర్ హైవే మీద ఊడ్లా విర్రా దగ్గర తనిఖీ కేంద్రంలో ప్రతి బండినీ ఆపుతారు. పండ్లే కాదు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, వంకాయలు కూడా నిషేధమే, దొరికితే జరిమానా. కరివేపాకు వంటి అనుమానమున్నవాటిని దాచకుండా చూపించి అడగండి. కాబట్టి బ్రోకెన్ హిల్‌లో ఉన్నవన్నీ వండి తినేసి, తాజా కూరగాయలు పోర్ట్ అగస్టాలో కొనుక్కోండి. ఆలిస్ స్ప్రింగ్స్ వరకు పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్న చివరి ఊరు అదే. బియ్యం, పప్పులు, కందిపొడి, ఆవకాయ, పులిహోర పులుసు సిడ్నీ నుంచే తెచ్చుకోండి, తనిఖీలో వాటికి ఇబ్బంది ఉండదు.

పీటర్‌బరో ఒకప్పుడు మూడు వేర్వేరు గేజీల రైలు పట్టాలు కలిసిన కూడలి. దాని అసలు పేరు పీటర్స్‌బర్గ్. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేర్లన్నీ మార్చేస్తూ 1917లో దీన్నీ మార్చారు. పాత రైల్వే వర్క్‌షాపు ఇప్పుడు మ్యూజియం. ఈ ప్రాంతంలో రోడ్డు పక్కన పైకప్పు లేని రాతి ఇళ్లు తరచుగా కనిపిస్తాయి. 1865లో సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్డర్ గుర్రం మీద తిరిగి, మొక్కల తీరును బట్టి ఒక గీత గీశాడు: దీనికి ఉత్తరాన సాగు నమ్మదగినది కాదు, పశువులకే సరి అని. సుమారుగా అది ఏటా 250 మిల్లీమీటర్ల వర్షపు గీత. తర్వాత కొన్నేళ్లు వానలు బాగా పడేసరికి రైతులు గీత దాటి గోధుమ వేశారు, ఆపైన కరువొచ్చి వదిలేసి పోయారు. మన అనంతపురం సగటు వర్షపాతం ఇంతకు రెట్టింపు పైమాటే అని మీ నాన్నగారికి చెప్పండి, ఆ గోడల అర్థం ఆయనకు వెంటనే తెలుస్తుంది.

పోర్ట్ అగస్టా దాటాక లెక్కలు మారతాయి. అక్కడి నుంచి కూబర్ పీడీ సుమారు 540 కిలోమీటర్లు. మధ్యలో పింబా, గ్లెండాంబో ఉన్నాయి. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీకి 250 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో డీజిలు గానీ, నీళ్లు గానీ, ఇల్లు గానీ లేదు. ఆ ఊరి బోర్డు మీద జనాభా వివరాలు హాస్యంగా రాశారు: గొర్రెలు 22,500, ఈగలు 20 లక్షలు, మనుషులు 30. ఈ తరహా బండి వంద కిలోమీటర్లకు 12 నుంచి 16 లీటర్ల డీజిలు తాగుతుంది, ఎదురుగాలి ఉంటే ఇంకా ఎక్కువ. ట్యాంకు సగానికి రాగానే నింపడం అలవాటు చేసుకుంటే విడిగా డబ్బాలు మోయక్కర్లేదు. ధర ఎక్కువని వాయిదా వేయకండి. కొత్త డీజిలు బండ్లకు యాడ్‌బ్లూ (పొగలోని కాలుష్యాన్ని తగ్గించే ద్రవం) కూడా అవసరం, ఆ మీటరు ఎక్కడుందో డిపోలోనే చూపించమనండి. చిన్న ఊళ్ల రోడ్‌హౌసులు (హైవే పక్కన డీజిలు, తిండి దొరికే చోట్లు) రాత్రి తొందరగా మూసేస్తారు. పింబా నుంచి ఏడు కిలోమీటర్లు పక్కకు వెళ్తే వూమెరా. 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి రాకెట్ల ప్రయోగానికి కట్టుకున్న ఊరు. పాత రాకెట్లు, విమానాలు ఆరుబయట నిలబెట్టి ఉంచారు. మీ బాబు అక్కడి నుంచి అంత తేలిగ్గా కదలడు. ఆ చుట్టుపక్కల భూమి నిషిద్ధ ప్రాంతం, హైవే దిగి లోపలికి వెళ్లకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: సాయంత్రం నాలుగు గంటలకల్లా బండి ఆగిపోవాలి. జూలైలో ఇక్కడ ఐదు, ఆరున్నర మధ్యే పొద్దు గుంకుతుంది. కంగారూలు, ఈమూలు, కంచె లేని నేలల్లోని పశువులు రోడ్డెక్కేది ఆ వేళలోనే. తెల్లవారుజామున కూడా అంతే. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరి, గంటకు 90 లేదా 100 కిలోమీటర్ల వేగంతో, రెండు గంటలకోసారి ఆగుతూ వెళ్తే 350 కిలోమీటర్లు హాయిగా పూర్తవుతాయి. నార్తర్న్ టెరిటరీలో వేగపరిమితి 130 అని బోర్డు కనిపించినా అది మీకోసం కాదు. జంతువు అడ్డొస్తే బ్రేకు వేయండి, స్టీరింగ్ తిప్పకండి. ఇంత ఎత్తయిన బండి కంగారూను గుద్దడంకన్నా పల్టీ కొట్టడం చాలా ప్రమాదకరం. చచ్చిన కంగారూ మీద వాలి తింటున్న పెద్ద డేగలు బరువు వల్ల నెమ్మదిగా లేస్తాయి, కొన్ని మీ అద్దంవైపే ఎగురుతాయి. దూరం నుంచే వేగం తగ్గించండి.

స్టువర్ట్ హైవే మీద తిరిగే రోడ్ ట్రైన్లు, అంటే మూడేసి ట్రైలర్లు లాగే లారీలు, 53.5 మీటర్ల దాకా పొడవుంటాయి. ఎదురుగా వస్తే మీ బండి ఒక్కసారి పక్కకు నెట్టినట్టు అదురుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుంటే చాలు. దాన్ని దాటాలంటే కిలోమీటరుకు పైగా ఖాళీ రోడ్డు కావాలి, అందుకని నేను దాటే ప్రయత్నమే చేయను. ఆగి టీ తాగితే అది దూరమైపోతుంది. వెనక నుంచి అది వస్తే మాత్రం ఎడమపక్కకు కొద్దిగా జరిగి, వేగం తగ్గించి దారి ఇవ్వండి. తారు దాటి మట్టిలోకి దిగవద్దు.

కూబర్ పీడీలో 1915 ఫిబ్రవరిలో బంగారం వెతుకుతూ వచ్చిన బృందంలోని 14 ఏళ్ల విల్లీ హచిసన్‌కు ఓపల్ అనే రంగులీనే రత్నాలు దొరికాయి. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఆ చోట జనం కొండల్లోకి తవ్వుకొని ఇళ్లు కట్టుకున్నారు. లోపల ఏడాది పొడుగునా సుమారు 23 నుంచి 25 డిగ్రీలే. నేలకింది ఇల్లు, చర్చి, పాత గని, మూడూ చూడండి. పెద్దవాళ్లకు మెట్లు పెద్దగా ఉండవు, ఎక్కువ భాగం కొండలోకి అడ్డంగా నడిచేదే. ఊరి చుట్టూ గుర్తుల్లేని గని గోతులు వేలల్లో ఉన్నాయి, ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయవద్దన్న హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు. బాబు చెయ్యి వదలకండి. కాంకు బ్రేక్‌అవేస్ అనే రంగురంగుల కొండలకు వెళ్లే దారి మట్టిది, మోటార్‌హోమ్ పార్కులో వదిలి స్థానిక టూరులో వెళ్లండి. గొర్రెల మీదికి డింగోలు (అడవి కుక్కలు) రాకుండా కట్టిన 5,600 కిలోమీటర్ల పొడవైన డింగో కంచె కూడా ఆ దారిలోనే కనిపిస్తుంది. ఓపల్ కొనాలనిపిస్తే, పూర్తి రాయి ఏదో, వెనక నల్ల పొర అంటించిన డబ్లెట్ ఏదో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.

బండిలో రోజువారీ జీవితం గురించి. ఐదుగురికి క్యాసెట్ టాయిలెట్ (కింద బయటికి తీయగల తొట్టి ఉండేది) రోజున్నరలో నిండుతుంది. దాన్ని డంప్ పాయింట్‌లోనే, అంటే అందుకోసం కట్టిన చోటే, ఖాళీ చేయాలి, అది ఎక్కడుందో వికీక్యాంప్స్ యాప్‌లో తెలుస్తుంది. పార్కులో ఉన్నప్పుడు పార్కు బాత్రూములే వాడితే ఆ పని సగం తగ్గుతుంది. పెద్దవాళ్లు ఉన్నారు కనుక ప్రతిరాత్రీ కరెంటు కనెక్షన్ ఉన్న సైటే తీసుకోండి. ఎడారిలో జూలై రాత్రులు సున్నా దగ్గరికి పడిపోతాయి, చాలా బండ్లలో ఏసీ, హీటింగ్, మైక్రోవేవ్ బయటి కరెంటు మీదే పనిచేస్తాయి. అన్నానికి ఎలక్ట్రిక్ కుక్కర్ తెచ్చుకోండి. తాలింపు, చపాతీలు పార్కు వంటశాలలోనో, బయట పెట్టిన బార్బెక్యూ పళ్లెం మీదో చేయండి. లోపల ఆవాలు చిటపటలాడిన మరుక్షణం పొగ అలారం మోగుతుంది, ఇంగువ వాసన పరుపుల్లో వారం రోజులుంటుంది, అప్పగించేటప్పుడు శుభ్రపరిచే ఛార్జీ వేస్తారు. ప్రయాణపు రోజుల్లో మధ్యాహ్నానికి పులిహోర, దద్దోజనం చాలు. బయట శాకాహారం దొరికేది తక్కువ: బేకరీలో చీజ్ టోస్టు, పబ్బులో ఆలుగడ్డ చిప్స్, చాలా ఊళ్లలో ఉండే చైనీస్ హోటల్లో వెజిటబుల్ ఫ్రైడ్ రైస్. అయినా ప్రతి ఊళ్లో ఏదో ఒకటి కొనండి. శనివారం మధ్యాహ్నం నుంచి చాలా దుకాణాలు మూసి ఉంటాయని గుర్తుంచుకోండి.

ఊళ్ల మధ్య ఫోన్ సిగ్నల్ ఉండదు. ఉన్నచోట కూడా ఎక్కువగా టెల్‌స్ట్రా అనే ఫోన్ కంపెనీదే, కనీసం ఒక ఫోనులో ఆ సిమ్ వేయండి, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఉపగ్రహం ద్వారా ప్రమాద సంకేతం పంపే చిన్న పరికరం, పీఎల్‌బీ, అద్దెకు దొరుకుతుంది, తీసుకోండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. ఈ హైవే మీద ఎవరో ఒకరు వస్తారు, ఆగుతారు. బండి ట్యాంకు నీళ్లు కాకుండా తాగునీరు విడిగా మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున రెండు రోజులకు సరిపడా ఉంచండి. వాన పడితే బయలుదేరేముందు రాష్ట్ర రోడ్ల శాఖ సమాచారం చూడండి. 2022 జనవరిలో వరదలకు స్టువర్ట్ హైవేనే తెగిపోయింది.

మీ అమ్మగారి బీపీ, నాన్నగారి షుగర్ గురించి రాశారు. భారత్‌తో ఆస్ట్రేలియాకు వైద్య ఒప్పందం లేదు, పర్యాటకులకు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య పథకం) వర్తించదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు, అంబులెన్సు తరలింపుకు వర్తించే ప్రయాణ బీమా గుంటూరులోనే కొనించండి. మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా, వారం అదనంగా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకోవాలి. ఇన్సులిన్ ఉంటే బండి ఫ్రిజ్ రాత్రి గడ్డకట్టించకుండా చూసుకోండి. విదేశాల్లో చదివిన డాక్టర్లు మెడికేర్ కింద ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా పదేళ్లపాటు డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేయాలన్న నిబంధన ఇక్కడ ఉంది. అందువల్ల ఈ ఊళ్ల ఆసుపత్రుల్లో మన దేశపు డాక్టర్లు ఎదురవడం మామూలే. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు ఫోనులో తెలుగు అనువాదకుడిని అడిగే వీలుంది.

ఉలురు సంగతి క్లుప్తంగా. ఎర్ల్‌డండా దగ్గర హైవే దిగి 245 కిలోమీటర్లు వెళ్తే యులారా. దారిలో కనిపించే బల్లపరుపు కొండను చూసి అందరూ ఉలురు అనుకుంటారు, అది మౌంట్ కానర్. యులారాలో క్యారవాన్ సైటు జూలైకి చాలా నెలల ముందే నిండిపోతుంది, ఉలురు ఉన్న జాతీయ పార్కు లోపల బస నిషేధం, కనుక ఈ ప్రయాణంలో మొదట బుక్ చేయాల్సింది అదే. బండి కూడా దాని తర్వాతే. కొండ ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి ఆగిపోయింది. ఆ భూమి యజమానులైన అనంగు ప్రజలకు అది పవిత్ర స్థలం. 1985లో అదే తేదీన భూమి హక్కు వాళ్లకు తిరిగి దక్కింది. చుట్టూ 10.6 కిలోమీటర్ల కాలిబాట ఉంది; పెద్దవాళ్లకు ముటిజులు నీటిగుంట దాకా వెళ్లే చిన్న బాట సరిపోతుంది. ఫొటో తీయవద్దన్న చోట తీయకండి. రెండోరోజు ఉదయం దగ్గర్లోనే ఉన్న కాటా జూటా అనే గుండ్రటి రాతి కొండల గుంపు చూడండి.

ఆలిస్ స్ప్రింగ్స్‌కు చివరి 445 కిలోమీటర్లు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పొడవైన రోజు, ఆ ఒక్కరోజు ఎనిమిదికల్లా బయలుదేరండి. మర్నాడు బండి అప్పగించేముందు టాయిలెట్, వాడిన నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, డీజిలు నింపి, ఆ రసీదును, బండి నలువైపులా పైకప్పుతో సహా తీసిన వీడియోను దాచుకోండి. డిపోలు మధ్యాహ్నమే మూసేస్తారు, ఆదివారం కొన్ని అసలు తెరవరు. విమానం టికెట్ కొనేముందు ఆ వేళలు ఫోనులో కనుక్కోండి. మిగిలిన బియ్యం, నూనె, పప్పులు పార్కు వంటశాలలో ఇతరుల కోసం వదిలే అర ఉంటుంది, అక్కడ పెట్టేయండి.